ఉప్పు చెలమకు కాపలా

తవిటమ్మ నోరు మంచిది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మంచి నోరున్న వాళ్ళ కథలు రాయడానికి పత్రికల్లో చాలామంది ఉన్నారు.

భీమిలి నుంచి కోనాడ వైపు ఒడ్డు పట్టుకుని నడిస్తే మా దిబ్బలపేట తగులుతుంది. ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఇసుక. అన్నీ జాలర్ల ఇళ్ళే. కోమటి ఇల్లు మాదొక్కటే. మా నాన్న ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు, వలనూలు అమ్ముతాడు. తూచి ఇచ్చేది నేను. పొట్లాలు కట్టడానికి వచ్చే పాత పత్రికల్లోనే నా చదువంతా సాగింది. ఏ కథా పూర్తిగా దొరకదు. సగం నా చేతిలో ఉంటుంది, తక్కిన సగం ఎవరి జీలకర్రతోనో వెళ్ళిపోతుంది.

ఆ పత్రికల్లో ప్రకృతి అంటే వెన్నెల, కోయిల, సెలయేరు. రాసినవాడు మేడ మీద కూర్చుని రాసినట్టు తెలిసిపోతుంది. తవిటమ్మ సముద్రాన్ని చూసి ముచ్చటపడగా నేనెన్నడూ చూడలేదు. ఆమె పెనిమిటిని తీసుకున్నది ఆ సముద్రమే. పున్నమి వెలుగులో కూడా ఆమె కళ్ళు కాళ్ళ కింది ఇసుక మీదే ఉండేవి. ఆ ఇసుకలో చెలమ ఉంది. పేటకంతటికీ తియ్యటి నీళ్ళు ఉన్న చోటు అదొక్కటే.

రెండు పెద్ద దిబ్బల నడుమ, మొగలి పొదల చాటున పల్లంలో ఒక గుంత. చుట్టూ ఇసుక జారకుండా తాటాకు తడిక. పైన తెల్ల ఇసుక, దాని కింద పసుపుపచ్చ ఇసుక, దాని కింద నల్ల ఇసుక. తియ్యటి నీరు నల్ల ఇసుక పైనే ఊరుతుంది. దానికింద ఉన్నది సముద్రం. వానలు పడ్డ నీళ్ళు ఇసుకలోకి దిగి, ఉప్పునీటి మీద పల్చగా తేలుతూ ఉంటాయి. కొబ్బరిచిప్పతో ముంచుకోవాలి. బిందె దించకూడదు. ఒక కడవ నిండాక మళ్ళీ ఊరేదాకా ఆగాలి. నల్ల ఇసుకను ముట్టుకోకూడదు. ఈ కట్టడి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చూసుకునే పని తవిటమ్మ అత్తగారిది. ఆవిడ పోయాక తవిటమ్మది. దానికి జీతమూ లేదు, గౌరవమూ లేదు. తిట్టే హక్కు మాత్రం ఉంది. దాన్ని ఆమె పూర్తిగా వాడుకుంది.

పొద్దున్నే కొట్టు తలుపులు తీస్తుంటే ఆ గొంతు నాకు వినపడేది. ఎక్కువగా పక్కింటి అసిరమ్మతోనే తగువు.

"ఒసే అసిరీ, ఆ కడవ మీ ఆయన పొట్టకన్నా పెద్దదున్నాదే. ఎక్కడ దొరికినాదే?"

"మా ఆయన పొట్టకేటైనాదే? నీ కల్లల్లో పడి సగమైపోనాడు."

"అయితే సగం కడవే సాలు. పొద్దుగూకేక మల్లీ రా."

"సగం నీల్లతో నానేటి సెయ్యాలే? మొకం కడుక్కోవాలా, గంజి కాసుకోవాలా?"

"నువ్వు మొకం కడిగితే మాత్రం ఏటి మారతాది? గంజి కాసుకో."

పిల్లలు ఒక గుక్క ఎక్కువ ముంచితే చేతి మీద కొట్టేది. మేకలు వస్తే రాళ్ళు విసిరేది. చెలమ దగ్గర ఉమ్మినవాణ్ణి వాడి తాతదాకా తవ్వి తిట్టేది.

ఇంత పెత్తనం చేసిన మనిషి, నిజానికి ఆ గుంతకు కట్టేసిన గొడ్డు. ఎండాకాలంలో ఒక్కరోజు వదిలితే గాలికి ఇసుక పడి చెలమ పూడిపోతుంది. అందుకని అత్తగారు పోయాక ఆమె ఏ ఎండాకాలంలోనూ పేట దాటలేదు. కొడుకు నూకయ్య నెల్లిమర్ల గోనెసంచుల మిల్లులో పని చేస్తాడు. తల్లి రావాలని వాడి పెళ్ళి వానల్లో పెట్టుకున్నారు. ముహూర్తం సమయానికి పందిరి కురిసింది. మనవడు వేసవిలో పుట్టాడు, వాణ్ణి ఆమె నడక వచ్చాక చూసింది.

ఒకసారి అడిగాను. "తవిటమ్మా, నీకు విసుగు పుట్టదా?"

"ఇసుగు పుడితే ఏటి సెయ్యమంతావు బావూ? నానెల్లిపోతే అదెల్లిపోతాది."

విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డ ఏడాది ఇదంతా తలకిందులైంది. పట్నం ఖాళీ అయిపోయింది. రైళ్ళలో చోటు లేదు. పెద్ద రోడ్డు మీద బళ్ళు కిక్కిరిసిపోయాయి. దానితో కొందరు భీమిలి మీదుగా ఒడ్డు వెంట నడిచి రావడం మొదలుపెట్టారు. పరుపు చుట్టలు, చంకలో పిల్లలు, ఒకాయన చేతిలో గోడగడియారం. విజయనగరం ఎంత దూరమని అందరూ అడిగేవారు. చెబితే కూర్చుండిపోయేవారు. చైత్రమాసపు ఎండ. తాగడానికి సముద్రం నిండా నీళ్ళు.

తవిటమ్మ వాళ్ళనీ తిట్టింది. తిడుతూనే చిప్పతో పోసింది. పేటవాళ్ళకు ఆ పూట సగం కడవలు కూడా దక్కలేదు. మధ్యాహ్నానికి చెలమ అడుగంటింది. ఇక సాయంత్రందాకా దాని జోలికి పోకూడదు. సరిగ్గా అప్పుడే సుభద్రమ్మగారు వచ్చారు.

నేను కొట్టులో ఉన్నాను. తర్వాత జరిగింది అసిరమ్మ చెప్పగా విన్నది. తవిటమ్మ కూడా ఏనాడూ కాదనలేదు.

సుభద్రమ్మగారు తల చెడిన బ్రాహ్మణ ముసలావిడ. వెంట కొడుకు కాశీవిశ్వనాథం, పట్నంలో ఏదో ఆఫీసు గుమాస్తా, చేతిలో ఇత్తడి బిందె. తవిటమ్మ చిప్ప అడుగున మిగిలిన నీళ్ళు చాపింది. ముసలావిడ వద్దని తల ఊపింది.

"నాకు దాహంగా లేదమ్మా."

పెదవులు పగిలి తెల్లబడి ఉన్నాయి. జాలరిదాని చేతి నీళ్ళు మడికి పనికిరావు. అది అందరికీ తెలిసిన సంగతే. కాసేపటికి, తననెవరూ చూడటం లేదనుకుని, ఆవిడ గుంత అంచున వంగి తడి ఇసుక పిడికెడు తీసింది. నోటికి అదుముకుని పీల్చింది.

తవిటమ్మ చూడనే చూసింది.

"ఏటి తల్లీ ఆ పని? ఇసక తింతన్నావేటి?"

ముసలావిడ తల దించుకుంది. "భూమికి మైల లేదమ్మా."

అసిరమ్మ ఇక తిట్లు మొదలవుతాయనుకుందట. "మరి నాకున్నాదా?" అనే మాట తవిటమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుందని నా ఊహ. ఆమె ఆ మాట అనలేదు. చెలమలోంచి పైకి వచ్చి దూరంగా జరిగింది.

"పైన ఊరిన నీల్లు నాను ముట్టినాను. కిందవి ఇంకా ఎవులూ ముట్టనేదు. నీ కొడుకుని దిగి తవ్వుకోమను తల్లీ. నానిక్కడ ఎడంగా కూకుంతాను."

కాశీవిశ్వనాథం పంచె ఎగ్గట్టి దిగాడు. పార పట్టడం వాడికి అదే మొదటిసారి కావచ్చు. తెల్ల ఇసుక పోయింది. పసుపు ఇసుక పోయింది. నీళ్ళు మెల్లగా ఊరాయి. ముసలావిడ దోసిలి పట్టింది. అంతలో పార మీద నల్ల ఇసుక వచ్చింది.

తవిటమ్మ చెయ్యి పైకి లేచిందని అసిరమ్మ ఒట్టేసి చెబుతుంది. నోరు కూడా తెరిచిందట. ముసలావిడ కళ్ళు మూసుకుని తాగుతూ ఉంది, గొంతు కదులుతూ ఉంది. తవిటమ్మ చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది.

"అమ్మా, ఇక్కడ బోలెడు గంగ ఉందే!" అన్నాడు కొడుకు, ఇంకా తవ్వుతూ. బిందె నింపుకున్నారు. వెనక వచ్చినవాళ్ళూ నింపుకున్నారు. సాయంత్రానికి మోకాలి లోతు మడుగైంది. ఆ చెలమలో అన్ని నీళ్ళు పేటలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. పిల్లలు చుట్టూ చేరి కేరింతలు కొట్టారు.

మర్నాడు పొద్దున్న మొదట చిప్ప ముంచింది అసిరమ్మే. నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఓలమ్మో, సముద్రం వచ్చేసినాదే!"

పేటంతా పోగైంది. కులపెద్ద కూర్మయ్య గుంత అంచున కూర్చుని వేలు ముంచి నాకాడు.

"ఎవుడు తవ్వినాడు?"

"పట్నపోడు తవ్వినాడు మావా," అన్నారెవరో.

"ఆడికేటి తెలుసు?" అంది తవిటమ్మ. "కాపలా ఉన్నదాన్ని నాను. నల్లిసక సూసినాను. ఆపనేదు."

"ఎందుకాపనేదే?"

"ముసల్ది తాగతన్నాది మావా."

కూర్మయ్య వేలి తడి ఇసుకకు తుడిచాడు. అసిరమ్మ ముందుకు వచ్చింది. "మా పిల్లగుంటలు గుక్కెడు ఎక్కువ ముంచితే సెయ్యి ఇరగ్గొట్టినావు కదే! నీ సేతి నీల్లు తాగని ఆ పంతులమ్మకి సముద్రందాకా తవ్విచ్చినావా?"

ఎదురు మాట అనకుండా తవిటమ్మ నిలబడటం నేను చూసింది అప్పుడే.

దిబ్బల్లో మరో చోట, మరో చోట తవ్వి చూశారు. ఒక చోట ఉప్పు, ఒక చోట ఉత్త ఇసుక. ఇక మిగిలింది పై ఊరి బావి. ఎండలో దిబ్బలెక్కి దిగి, తాటితోపు దాటి వెళ్ళాలి. జాలరి ఆడవాళ్ళు గట్టు ఎక్కకూడదు. కడవలు దూరంగా పెట్టుకుని కూర్చుంటే, ఎవరికైనా బుద్ధి పుట్టినప్పుడు తోడి పోస్తారు. ఎక్కువగా ఆ బుద్ధి పుట్టేది ఊరి భూములన్నీ ఉన్న బుగత కొడుకు అప్పలసూరికి. వాడు పోసే నీళ్ళకన్నా వాడు కూసే కూతలు ఎక్కువ.

ఆ బావిలో తోడుకునే హక్కు మా కోమట్లకు ఉంది. ఒకరోజు నేను చేద పట్టుకుని వాళ్ళ కడవలు నింపాను. సాయంత్రం బుగత మా నాన్నను పిలిపించి, మా కొట్టు ఎవరి స్థలంలో ఉందో గుర్తు చేశాడు. ఆ తర్వాత నీళ్ళకు మా అమ్మ వెళ్ళింది. నేను కొట్టు గడప దాటలేదు.

నూకయ్య నెల్లిమర్ల నుంచి వచ్చాడు, తల్లిని తీసుకుపోవడానికి.

"మా మిల్లు ఇల్ల లైన్లో కుళాయి ఉన్నాదే అమ్మా. తిప్పితే నీల్లు. ఏ కులమే నీదని ఎవుడూ అడగడు. రాయే."

"సెలమో?"

"సెలమ సచ్చిపోనాది కదే!"

"సావనేదు. దెబ్బ తగిలినాది. ముట్టకుండా ఒగ్గేస్తే ఒల్లు కూడదీసుకుంతాది."

"ఎన్నాల్లకి?"

"నాకేటి తెలుసు? మీ నానమ్మ ఏనాడూ పాడుసెయ్యనేదు, బాగవడం ఎలగో సెప్పడానికి."

వాడు తల పట్టుకున్నాడు. వాడి తరఫున నేనూ మాట్లాడాను. నీళ్ళివ్వని గుంతకు కాపలా ఏమిటన్నాను. ఇన్నాళ్ళకు తాడు తెగింది, తెగిన తాడు పట్టుకుని వేలాడతావెందుకన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వెల్లు బావూ. ఆడు నిన్ను తీసుకెల్తాడు. మిల్లులో పనిప్పిస్తాడు. నీ కాల్లకేటైనాది?"

నూకయ్య ఒక్కడే వెళ్ళాడు.

తవిటమ్మ పారపోసిన ఇసుకను వేరుచేసి, నల్లది కింద, పచ్చది దాని మీద, తెల్లది పైన వేసి, అడుగున చెయ్యి పట్టేంత గుంత మాత్రం వదిలింది. చుట్టూ మొగలి ముళ్ళు కట్టింది. రోజూ పడిన ఇసుక తీసేది, మేకల్ని తోలేది. వాన వెలిశాక ఒక్కసారి వేలు ముంచి నాలుక్కి రాసుకునేది. పిల్లలు ఆమెకు ఉప్పు తవిటమ్మ అని పేరు పెట్టారు. తనూ కడవ పట్టుకుని పై ఊరికి వెళ్ళి, అసిరమ్మ పక్కనే ఎండలో కూర్చుని, అప్పలసూరి కూతలూ అసిరమ్మ సాధింపులూ కలిపి తాగేది.

ఆ ఏడు వానలు వచ్చి వెళ్ళాయి. ఉప్పే. మరుసటి ఎండాకాలం కూడా ఉప్పే. ఆ తర్వాతి వానలు గట్టిగా పడ్డాయి. పేటలో సగం ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. చెలమ సంగతి ఎవరూ అడగలేదు. తవిటమ్మ ఏమీ చెప్పలేదు.

ఈ ఎండాకాలంలో అసిరమ్మ పిచ్చుకల్ని చూసింది. ముళ్ళ కంచె సందుల్లోంచి దూరి, గుంత అంచున వరసగా వాలి ముక్కులు ముంచి తలలెత్తుతున్నాయి. పిచ్చుక ఉప్పునీళ్ళు తాగదు. అసిరమ్మ కంచె పీకి దిగింది. ఆ తర్వాత ఆమె వేసిన కేక మా కొట్టుదాకా వినపడింది. తూచుతున్న మిరపకాయలు తక్కెడలో వదిలేసి పరుగెత్తాను. ఈసారి నాన్న పిలిచినా ఆగలేదు.

"దొంగముండా! తియ్యబడినాదే! ఎన్నాల్లయినాదే?"

"వానలెల్లిన కాడ్నుంచి," అంది తవిటమ్మ.

"మరి సెప్పవేటే? ఆ బావి కాడ నాను మాడిపోతంటే నా పక్కనే కూకున్నావు కదే! ఆ అప్పలసూరిగాడి కూతలు నాతోపాటు నువ్వూ తిన్నావు కదే!"

"తిన్నాను."

"ఎందుకే? నీకేటి రోగమే?"

"రుసి వచ్చినాది గానీ బలం రానేదే. ఇప్పుడు పేటంతా ముంచితే మల్లీ ఉప్పైపోతాది. ఈ ఎండలు కూడా ఎల్లనీ."

"నీకెలగ తెలుసు?"

"తెల్దు. బయ్యం."

అప్పటికి మగవాళ్ళు కూడా చేరారు. కొందరి చేతుల్లో కడవలున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ దగ్గర నీళ్ళు పెట్టుకుని, పేట పేటంతటినీ ఒకడి గట్టు కింద చెయ్యి చాపించింది ఈ ముసల్ది. "ముంచుకోండి, ఎవరిని అడగాలి?" అని నేనే అరిచాను. ఒకరిద్దరు ముందుకు వచ్చారు. కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టి తవిటమ్మ వైపు చూశాడు.

"ఏటంతావే? ఆపుతావా?"

ఆమె కంచె లోపలినుంచి బయటికి వచ్చింది. మొగలి ముల్లు గీరి మోచెయ్యి నెత్తురు కారుతోంది.

"నానాపనేను మావా. ఒకపాలి ఆపాల్సిన కాడ ఆపనేకపోనాను. ఇంకే మొకంతో ఆపుతాను? మీరే ఆగాలి. ఆగితే ఆగండి, నేకపోతే ముంచుకోండి."

అని, దారిలోంచి తప్పుకుని, దిబ్బ నీడలో కూర్చుంది. ఇప్పుడు చెలమకు అడ్డం ఎవరూ లేరు. ఎవరూ కదలలేదు కూడా. తిట్టే మనిషి అక్కడ లేకపోతే ఆ గుంత ముందు ఎలా నిలబడాలో వాళ్ళకు తెలియనట్టు ఉంది. పిచ్చుకలు మళ్ళీ వచ్చి వాలాయి.

అసిరమ్మ కడవ పక్కన పెట్టి దిగింది. చిప్పతో అరచిప్పెడు ముంచింది. పిచ్చుకలు లేచిపోయాయి. నిలబడి, నెమ్మదిగా, చప్పరిస్తూ తాగింది. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు.

"ఇది నా కూలి," అంది మూతి తుడుచుకుని. "ఆ బావి కాడ నాను కూకున్న దానికి." చిప్ప ఇసుకలో గుచ్చింది. పైకి వచ్చి, పీకిన కంచెను తనే మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. కడుతూ తవిటమ్మను, తవిటమ్మ అత్తగారిని, జపానువాణ్ణి, పంతులమ్మను, మొగలి ముళ్ళను వరసగా తిట్టింది. "సూస్తారేటి, ఎల్లండి!" అంది మగవాళ్ళతో. "వానలదాకా దీని మొకం సూసినోడి మొకం నాను సూడను."

కూర్మయ్య పంచె దులుపుకున్నాడు. కడవలు తెచ్చినవాళ్ళు ఖాళీ కడవలతోనే వెనక్కి వెళ్ళారు. వాళ్ళలో కొందరి తిట్లు నాకు దారంతా వినపడుతూనే ఉన్నాయి. ఒక్కరూ తృప్తిగా లేరు.

వాళ్ళు చేసింది తెలివో, తెలివితక్కువో నాకు ఇప్పటికీ తేలలేదు. నేనైతే ముంచుకునేవాణ్ణి. నా వంతు దొరికితే దేన్నైనా అడుగుదాకా తవ్వేసి ఇక్కణ్ణుంచి పారిపోయేవాణ్ణి. బహుశా అందుకే ఆ చెలమ నా చేతిలో లేదు.

మర్నాడు ఆడవాళ్ళు మళ్ళీ పై ఊరికి నడిచారు. నేను కూడా వెనకే వెళ్ళాను. గట్టు మీద అప్పలసూరి పళ్ళు తోముకుంటున్నాడు. సంగతి అప్పటికే వాడి చెవిన పడింది.

"ఏమే, మీ చెలమ తియ్యబడిందట కదా! మరి మా బావి మీద పడ్డారేం?"

తవిటమ్మ నోరు విప్పకముందే అసిరమ్మ కడవ దించింది.

"దానికి ఒంట్లో ఇంకా బాగోనేదు బావూ. తోడండి."

వాడు నవ్వాడు. వరస మొత్తం వాడికేసే చూస్తూ కూర్చుంది. కాసేపటికి వాడు చేద అందుకోక తప్పలేదు.

ఇది రాసేనాటికి వానలు ఇంకా పడలేదు.